టొలీడో ట్రూపర్లు: ఒక విజయపరంపర చెప్పే పాఠం

గెలిచినవారి పేర్లు చరిత్రలో నిలుస్తాయనీ, ఓడినవారి పేర్లు మరుగున పడతాయనీ లోకంలో ఒక నమ్మకం ఉన్నది. తరగతి గదిలో మేమూ ఈ మాటను అనేక పర్యాయాలు చెప్పి ఉన్నాము. అయితే ఈ నమ్మకానికి ఎదురు నిలిచే ఉదాహరణలు లేకపోలేదు. అరవై అయిదు ఆటలాడి అరవై ఒకటింట గెలిచిన ఒక జట్టు, తన దేశంలోని క్రీడాభిమానులకే చాలాకాలం తెలియకుండా పోయిందంటే విద్యార్థులకు ఆశ్చర్యం కలుగక మానదు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఒహాయో రాష్ట్రంలో టొలీడో నగరానికి చెందిన 'టొలీడో ట్రూపర్స్' అనే మహిళా ఫుట్‌బాల్ జట్టు చరిత్ర అటువంటిది. ఆ జట్టు ఎట్లు పుట్టినది, ఎందుకు గెలిచినది, అంతగా గెలిచియు ఎందుకు నిలువలేకపోయినది అనే మూడు ప్రశ్నలను ఈ వ్యాసంలో పరిశీలింపదలచాము.

ఆట స్వరూపం

మన దేశంలో ఫుట్‌బాల్ అనగానే కాలితో తన్ని ఆడే ఆట స్ఫురిస్తుంది. అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలిచేది వేరొక ఆట. అందులో బంతి గుండ్రంగా ఉండక, రెండు కొసలు కూచిగా ఉన్న కోడిగ్రుడ్డు వలె ఉంటుంది. దానిని చేతబట్టి పరుగెత్తవచ్చు, తోటివారికి విసరవచ్చు. మైదానం పొడవు నూరు గజాలు. ఒక్కొక్క పక్షంలో పదకొండుగురు ఉంటారు.

బంతి ఉన్న పక్షానికి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ఒక్కొక్క ప్రయత్నాన్ని 'డౌన్' అంటారు. ఆ నాలుగింటిలో కనీసం పది గజాలు ముందుకు సాగితే మరల నాలుగు ప్రయత్నాలు లభిస్తాయి. సాగలేకపోతే బంతి ఎదుటివారి వశమవుతుంది. ఈ విధంగా గజం గజం గెలుచుకుంటూ పోయి, ఎదుటివారి చివరి గీత దాటి బంతిని చేరిస్తే అది 'టచ్‌డౌన్'. దానికి ఆరు పాయింట్లు. ఎదుటివారు ఊరక ఉండరు. బంతి పట్టినవారిని పట్టి నేలకు పడవేస్తారు. అందుకే ఆటగాళ్ళు తలకు శిరస్త్రాణం, భుజాలకు మందమైన తొడుగులు ధరిస్తారు.

కబడ్డీ తెలిసిన మన విద్యార్థులకు ఈ ఆటలోని కీలకం సులభంగానే బోధపడుతుంది. కబడ్డీలో కూతకు వెళ్ళినవాడు ఒంటరి. ఇక్కడ బంతి పట్టినవాని ముందు అతని తోటివారు అడ్డుగా నడిచి, ఎదుటివారిని త్రోసి, దారి చేస్తారు. కనుక పరుగెత్తేవానికి పేరు వచ్చినా, ఆ దారి చేసినది పేరు లేని పదిమంది అని గ్రహించాలి. ఈ విషయాన్ని మనసులో ఉంచుకొనవలసినదిగా పాఠకులను కోరుతున్నాము. జట్టు చరిత్రకు కూడా ఇది వర్తిస్తుంది.

వినోదంగా మొదలైన ఆట

స్త్రీలు ఈ ఆట ఆడటం ట్రూపర్లతో మొదలు కాలేదు. 1926లోనే ఫ్రాంక్‌ఫర్డ్ ఎల్లో జాకెట్స్ అనే పురుషుల జట్టు, తమ ఆట నడుమ విరామ సమయంలో ప్రేక్షకుల వినోదం కోసం స్త్రీలతో ఆట ఆడించింది. ఇక్కడ 'వినోదం' అనే మాట ముఖ్యమైనది. స్త్రీ ఆ మైదానంలోకి ఆటగత్తెగా కాక, వింతగా ప్రవేశించింది.

నాలుగు దశాబ్దాల తరువాత కూడా ఈ దృష్టి పెద్దగా మారలేదు. 1960ల నడిమి కాలంలో క్లీవ్‌లాండ్ నగరానికి చెందిన సిడ్ ఫ్రీడ్‌మన్ అనే వినోద కార్యక్రమాల వ్యాపారి స్త్రీల ఫుట్‌బాల్ జట్లను సమకూర్చటం ఆరంభించాడు. స్త్రీలు ఫుట్‌బాల్ ఆడుతున్నారంటే జనం వింతగా చూడ వస్తారు, టిక్కెట్లు అమ్ముడవుతాయి అనేది ఆయన లెక్క. ఆయన ఉద్దేశం వ్యాపారమే అయినప్పటికీ ఒక విషయం ఒప్పుకొనక తప్పదు. ద్వారం ఏ ఉద్దేశంతో తెరిచినా, అది తెరిచి ఉన్నంతసేపు లోనికి వచ్చినవారు తమ ఉద్దేశంతోనే వస్తారు. ఫ్రీడ్‌మన్ వింత కోరాడు. వచ్చిన స్త్రీలు ఆటను కోరారు.

జట్టు నిర్మాణం

1971లో టొలీడోలో ఇటువంటి జట్టు ఒకటి ఏర్పడింది. టొలీడో ఈరీ సరస్సుకు పడమటి కొసన ఉన్న పారిశ్రామిక నగరం. గాజు పరిశ్రమకు ప్రసిద్ధి కెక్కి 'గాజు నగరం' అని పేరు పొందింది. జీపు వాహనాలు తయారైనదీ అక్కడే. శ్రమజీవుల నగరం కావటంచేత జట్టులో చేరిన స్త్రీలూ ఎక్కువగా అట్టివారే. పగలు ఉద్యోగం, కొందరికి ఇల్లూ పిల్లలూ, సాయంకాలం మైదానం. ఆట ఒక్కింటికి సుమారు ఇరవై అయిదు డాలర్లు ఇచ్చే ఏర్పాటు ఉండేదని చెబుతారు. దానితో జీవనం సాగదని వేరుగా చెప్పనక్కరలేదు. వారు డబ్బు కోసం ఆడినవారు కారు.

వీరికి శిక్షకుడుగా వచ్చినవాడు బిల్ స్టౌట్. స్వయంగా ఫుట్‌బాల్ ఆడిన అనుభవం కలవాడు. ట్రూపర్ల విజయాలకు ఆయన పద్ధతి మూలస్తంభమని మా అభిప్రాయం. ఆయన వీరిని వింతగా చూడలేదు, బలహీనులుగానూ చూడలేదు. పురుషుల జట్టుకు ఎట్టి వ్యాయామం, ఎట్టి క్రమశిక్షణ, ఎట్టి వ్యూహాలు నేర్పుతారో అవే వీరికీ నేర్పించాడు. పట్టటం, అడ్డుకోవటం, పడటం, లేవటం వంటి ప్రాథమిక విద్యలను మరల మరల సాధన చేయించాడు. జాలిచూపు కంటే కఠినమైన బోధనే విద్యార్థికి ఎక్కువ గౌరవమని ఉపాధ్యాయులకు తెలిసిన విషయమే. జట్టు కొద్ది కాలంలోనే ఫ్రీడ్‌మన్ ఆధిపత్యం నుండి విడివడి తన దారి తాను చూసుకొన్నది. వినోద వ్యాపారంగా పుట్టినది క్రీడగా మారిన ఘట్టం ఇది.

లిండా జెఫర్సన్

ఈ జట్టు పేరు చెప్పగానే స్ఫురించే పేరు లిండా జెఫర్సన్. టొలీడో నగరానికి చెందిన ఈ నల్లజాతి యువతి పాఠశాలలో పరుగుపందెములలో ఆరితేరినది. జట్టు ఏర్పడిన మరుసటి సంవత్సరం, ఇంకా ఇరవై ఏళ్ళు నిండకమునుపే, అందులో చేరింది. బంతి పట్టి పరుగెత్తే 'రన్నింగ్ బ్యాక్' స్థానం ఆమెది.

ఆమె వరుసగా ఐదు సీజన్లలో వెయ్యి గజాలకు మించి పరుగెత్తింది. ఒక్కొక్క పర్యాయం బంతి పట్టినప్పుడు ఆమె సాధించిన సగటు 14.4 గజాలు అని లెక్క. ఈ సంఖ్య గొప్పదనం తెలియాలంటే పోలిక ఒకటి అవసరం. అదే ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టుకు ఆడి, పురుషుల ఆటలో సర్వశ్రేష్ఠులలో ఒకడుగా లెక్కింపబడే జిమ్ బ్రౌన్ జీవితకాలపు సగటు 5.2 గజాలు.

అయితే ఇక్కడ విద్యార్థులు ఒక హెచ్చరికను గమనించాలి. రెండు సంఖ్యలను ప్రక్క ప్రక్కన ఉంచినంత మాత్రాన న్యాయమైన పోలిక కాదు. జిమ్ బ్రౌన్ ఎదుర్కొన్నది జీతభత్యాలతో ఏడాది పొడుగునా శిక్షణ పొందినవారిని. జెఫర్సన్ ఎదుర్కొన్న జట్లలో కొన్ని అప్పుడే ఆట నేర్చుకుంటున్నవి. కనుక 14.4 అనే సంఖ్య ఆమె ప్రతిభను మాత్రమే గాక, నాటి స్త్రీలకు శిక్షణావకాశాలు ఎంత అసమానంగా ఉండినవో కూడా చెబుతున్నది. ఒకచోట మంచి బోధన దొరికింది, మరొకచోట దొరకలేదు. అంతే భేదం. అందువల్ల ఆమె కీర్తికి వచ్చిన లోటేమీ లేదు. 1975లో 'విమెన్‌స్పోర్ట్స్' పత్రిక ఆమెను ఆ సంవత్సరపు ఉత్తమ క్రీడాకారిణిగా ఎన్నుకొన్నది. ప్రసిద్ధ టెన్నిస్ క్రీడాకారిణి బిల్లీ జీన్ కింగ్ 1974లో స్థాపించిన పత్రిక అది. అన్ని క్రీడలలోని స్త్రీల నడుమ ఒక ఫుట్‌బాల్ క్రీడాకారిణి ఆ గౌరవం పొందటం సామాన్య విషయం కాదు.

లీగు, ప్రత్యర్థులు

1974లో జాతీయ మహిళా ఫుట్‌బాల్ లీగు ఏర్పడింది. ఆరంభంలో ఏడు జట్లు: టొలీడో ట్రూపర్స్, కొలంబస్ పేస్‌సెటర్స్, డెట్రాయిట్ డీమన్స్, డాలస్ బ్లూబానెట్స్, ఫోర్ట్‌వర్త్ షామ్‌రాక్స్, లాస్ ఏంజెల్స్ డాండిలయన్స్, కాలిఫోర్నియా మస్టాంగ్స్. పేర్లు చూస్తేనే ఒక చిక్కు తెలుస్తుంది. మూడు జట్లు ఉత్తరాన పెద్ద సరస్సుల ప్రాంతానివి, రెండు టెక్సస్‌వి, రెండు పడమటి సముద్రతీరానివి. టొలీడో నుండి లాస్ ఏంజెల్స్‌కు దాదాపు రెండువేల మైళ్ళు. ఆటకు ఇరవై అయిదు డాలర్లు కూడా కష్టమైన జట్లు అంత దూరం ఎట్లు ప్రయాణం చేయగలవు?

ట్రూపర్ల విజయపరంపరకు అడ్డుకట్ట వేసినది 1976లో కొత్తగా వచ్చిన ఓక్లహోమా సిటీ డాల్స్ అనే జట్టు. ఆ ఓటమి ట్రూపర్లకు బాధాకరమే అయినా, స్త్రీల ఫుట్‌బాల్‌కు అది శుభసూచకమని మేము భావిస్తున్నాము. ఒకే జట్టు ఎల్లప్పుడూ గెలిచే ఆటలో ప్రేక్షకునికి ఉత్కంఠ ఉండదు. సమఉజ్జీ దొరికినప్పుడే ఆట పెరుగుతుంది. డాల్స్ కథను 1981లో ఒక టెలివిజన్ చిత్రంగా కూడా తీశారు. గెలుపుల పట్టికలో ముందున్న ట్రూపర్లకు అప్పట్లో అట్టి భాగ్యం కలుగలేదు.

ఎందుకు నిలువలేకపోయింది?

1979 సీజన్ తరువాత ట్రూపర్ల జట్టు రద్దయింది. లీగు కూడా 1980లలో క్రమంగా క్షీణించి అంతరించింది. కారణాలను ఈ క్రింది విధంగా వింగడించవచ్చు.

మొదటిది ఆర్థిక కారణం. టిక్కెట్ల రాబడి మైదానం అద్దెకు, ప్రయాణాలకు, ఆటసామగ్రికి చాలలేదు. పురుషుల ఆటకు టెలివిజన్ సంస్థలు కోట్ల డాలర్లు చెల్లిస్తున్న కాలమది. స్త్రీల లీగుకు అట్టి ఒప్పందమే లేదు.

రెండవది సంస్థాగత కారణం. పురుషుల ఆటకు పాఠశాల, కళాశాల, వృత్తి జట్టు అనే మూడు మెట్లున్నాయి. పదేళ్ళ బాలుడు నేర్చుకొనటం మొదలుపెట్టి, ఇరవై రెండేళ్ళకు వృత్తిలో ప్రవేశిస్తాడు. స్త్రీల ఆటకు పై మెట్టు మాత్రమే కట్టారు, క్రింది రెండు మెట్లు లేవు. జట్టులో చేరిన స్త్రీలలో అధికులు శిరస్త్రాణం మొదటిసారి ధరించినది ఆ జట్టులోనే. ఒక తరం అలసిపోగానే ఆ స్థానంలోకి వచ్చేందుకు శిక్షణ పొందిన మరొక తరం సిద్ధంగా లేదు.

మూడవది సామాజిక దృష్టి. ఆట ఎట్లు ఆడారన్న ప్రశ్న కంటే, ఆడవారు ఇటువంటి మోటు ఆట ఎందుకు ఆడుతున్నారన్న ప్రశ్నే వారికి ఎక్కువగా ఎదురయ్యేది. గెలిచిన ప్రతిసారీ తాము గెలవటానికి అర్హులమని మొదటినుండి నిరూపించుకొనవలసి రావటం ఎంతటి భారమో ఊహించవచ్చు.

చట్టం చేసినది, చేయనిది

విచిత్రమేమనగా, ట్రూపర్లు ఆడుతున్న కాలంలోనే అమెరికాలో స్త్రీల క్రీడలకు గొప్ప మేలు చేసిన చట్టం ఒకటి వచ్చింది. 1972 జూన్ 23న చట్టరూపం దాల్చిన విద్యాచట్ట సవరణలలోని తొమ్మిదవ భాగం, కేంద్ర ప్రభుత్వ ధనసహాయం పొందే విద్యా కార్యక్రమాలలో స్త్రీ పురుష భేదాన్ని బట్టి వివక్ష చూపరాదని శాసించింది. ఆ చట్టపు మూలవాక్యంలో క్రీడల మాట లేదు. విద్యాలయం నడిపే క్రీడలు కూడా విద్యలో భాగమే గనుక అవి సైతం దాని పరిధిలోకి వచ్చాయి.

ఫలితం ఏమి? 1971–72లో ఉన్నత పాఠశాలల జట్లలో ఆడిన బాలికలు సుమారు 2 లక్షల 94 వేలు. బాలురు 36 లక్షలకు పైన. 2018–19 నాటికి బాలికల సంఖ్య 34 లక్షలు దాటింది. బాలికలలో ఆసక్తి హఠాత్తుగా పదింతలు పెరిగిందని దీనికి అర్థం కాదు. ఆసక్తి మొదటినుండి ఉన్నది. మైదానం తరువాత వచ్చింది.

అయితే ఈ చట్టం విద్యాలయాలకే గాని, ట్రూపర్ల వంటి స్వతంత్ర జట్లకు వర్తించలేదు. విద్యాలయాలు కూడా బాలికలకు బాస్కెట్‌బాల్, వాలీబాల్, పరుగుపందెములు వంటివి ఏర్పరచాయి గాని ఫుట్‌బాల్‌ను సాధారణంగా బాలురకే విడిచిపెట్టాయి. నదికి ఆనకట్ట కట్టి కాలువలు త్రవ్వినా, ట్రూపర్ల పొలానికి మాత్రం నీరు రాలేదు.

ఆలస్యంగా వచ్చిన గుర్తింపు

జట్టు రద్దయిన నాలుగేళ్ళకు, 1983లో, ఒహాయోలోనే కాంటన్ పట్టణంలో ఉన్న వృత్తి ఫుట్‌బాల్ గౌరవమందిరం టొలీడో ట్రూపర్లను వృత్తి ఫుట్‌బాల్ చరిత్రలోనే అత్యధిక విజయశాతం గల జట్టుగా గుర్తించింది. 61 గెలుపులు, 4 ఓటములు. అనగా నూటికి సుమారు తొంబది నాలుగు. స్త్రీల జట్లలో అని విడిగా చెప్పక, మొత్తం వృత్తి ఫుట్‌బాల్‌లో అని చెప్పటం గమనార్హం.

ట్రూపర్ల సభ్యురాలు మిచ్చి కొలెట్ 2000ల దశకంలో అదే నగరంలో టొలీడో రైన్ అనే మహిళా జట్టును నడిపి, ఆ పరంపరను కొంత నిలిపింది. 2010లో స్వీడన్‌లో మొదటి ప్రపంచ మహిళా ఫుట్‌బాల్ పోటీలు జరిగాయి. అప్పుడూ, తరువాత 2013, 2017, 2022 సంవత్సరాలలోనూ అమెరికా స్త్రీలే గెలిచారు. 2021, 2022 సంవత్సరాలలో నాటి లీగు గురించీ, ట్రూపర్ల గురించీ సవిస్తరమైన గ్రంథాలు వెలువడ్డాయి. యాభై ఏళ్ళకు గాని వారి కథ గ్రంథస్థం కాలేదన్నమాట.

ఈ చరిత్రకు మన దేశంతో ఒక చిన్న సంబంధం కూడా కలదు. 2023 అక్టోబరులో ముంబయి నగరంలో జరిగిన అంతర్జాతీయ ఒలింపిక్ సంఘ సమావేశం, 2028 లాస్ ఏంజెల్స్ క్రీడలలో క్రికెట్‌తో పాటు ఫ్లాగ్ ఫుట్‌బాల్‌ను చేర్చింది. ఇది పడవేయటం లేని రూపం. పక్షానికి ఐదుగురు ఆడతారు. బంతి పట్టినవారి నడుముకు కట్టిన గుడ్డపేలికను లాగితే ఆట ఆగుతుంది. ఇందులో పురుషులకూ, స్త్రీలకూ పోటీలు కలవు. 1926లో విరామ వినోదంగా మైదానంలో అడుగు పెట్టిన స్త్రీకి, ఆ ఆట యొక్క ఒక రూపంలోనైనా ఒలింపిక్ వేదిక లభించే నిర్ణయం మన గడ్డపై జరిగింది.

ఉపసంహారం

ఈ చరిత్ర నుండి మేము గ్రహించిన విషయాలు రెండు. ప్రతిభ గెలిపించగలదు గాని నిలుపలేదు, నిలిపేది సంస్థ. ఇది మొదటిది. రెండవది, లెక్క వ్రాసి ఉంచకపోతే గెలుపు కూడా గాలిలో కలిసిపోతుంది. 61, 4 అనే అంకెలను ఎవరో శ్రద్ధగా దాచి ఉంచకపోతే 1983 నాటి గుర్తింపు ఉండేది కాదు.

ఈ రెండవ విషయం వ్రాస్తుండగా మాకు సిగ్గు కలిగిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పక తప్పదు. మన సంచిక పాత ప్రతులలోని క్రీడా నివేదికలను తిరగవేసి చూశాము. బాలుర కబడ్డీ, వాలీబాల్ పోటీల ఫలితాలు ఆటగాళ్ళ పేర్లతో, పాయింట్లతో సహా ఉన్నాయి. బాలికల పోటీల గురించి 'విద్యార్థినులు ఉత్సాహంగా పాల్గొన్నారు' అనే ఒక్క వాక్యం ఉన్నది. ఎవరు ఆడారు, ఎవరు గెలిచారు అన్నది లేదు. గత రెండు సంవత్సరాల నివేదికలు వ్రాసినది మరెవరో కాదు, మేమే. తప్పు మాది. ఆనాటి విజేతలను ఇప్పుడు ఎవరైనా అడిగితే చెప్పటానికి మా వద్ద ఆధారం లేదు.

కనుక గౌరవనీయులైన కళాశాల కమిటీ సభ్యులకు సవినయంగా మూడు మనవులు చేస్తున్నాము. వారంలో రెండు సాయంకాలాలు మైదానాన్ని విద్యార్థినులకు ప్రత్యేకించవలసినది. వారికి తగిన శిక్షకురాలిని, అది వీలుకానిచో శిక్షణ పొందిన అధ్యాపకురాలిని నియమించవలసినది. వారి పోటీల ఫలితాలకు ఒక రిజిస్టరు ఏర్పరచవలసినది. వీటిలో మూడవదానికి ఖర్చు లేదు. ఆ రిజిస్టరు బాధ్యతను మేమే స్వీకరిస్తాము.

ఇక విద్యార్థినులకు ఒక మాట. వచ్చే సంచికలో మీ పేర్లు, మీ పాయింట్లు, మీ గెలుపులతో పాటు మీ ఓటములు కూడా ఉంటాయి. టొలీడో జట్టు పట్టికలో సైతం నాలుగు ఓటములు ఉన్నాయి. వాటిని దాచకుండా వ్రాశారు గనుకనే మిగిలిన అరవై ఒకటినీ లోకం నమ్మింది.